ఊరిడవకుంటే పిచ్చోళ్ళా?

2011 దసరా సెలవుల్లో మా అమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని పదిహేను రోజులు అనంతపురంలో మా యింట్లో వుంది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూచునేది. టీవీ చూడొద్దని డాక్టరు చెప్పినా వినేది కాదు. సరిగ్గా అప్పుడే బెంగుళూరు నుంచి మా తమ్ముడి కొడుకు వచ్చాడు. వాడితోపాటు వాడి ఆటల యంత్రం కూడా బ్యాగులో వచ్చింది. టీవీకి తగిలించి కొత్త ఆట మొదలుపెట్టాడు. తెరమీద ఒక పెద్ద నగరం కూలిపోతోంది. వంతెనలు విరిగి పడుతున్నాయి. మేడలు వాలిపోతున్నాయి. వాటి మధ్యలోంచి కార్లూ మోటారు సైకిళ్ళూ దూసుకుపోతున్నాయి. దారిలో కొందరు మనుషులు అటూ యిటూ పరుగెత్తుతున్నారు.

“ఎవుర్రా వాళ్ళు, అట్ల ఉరుకుతాండారు?” అనడిగింది అమ్మ.

“క్రేజీస్ అవ్వా.”

“అంటే?”

“పిచ్చోళ్ళు. అందరూ ఊరిడిచిపెట్టి పోతే వీళ్ళు మాత్రం పోకుండా ఆడ్నే వుండిపోయినారు.”

అమ్మ కాసేపేం మాట్లాడలేదు. తర్వాత “ఊరిడవకుంటే పిచ్చోళ్ళా?” అంది. వాడు ఆటలో మునిగి వున్నాడు, వినలేదు. నేను విన్నాను. అంతకు గంట ముందే వంటింట్లో నేను అమ్మతో “పిచ్చా నీకేమన్నా? ఒక్కదానివే ఆ వూళ్ళో ఏం చేస్తావు? ఇక్కడే వుండిపో” అని గట్టిగా అరిచి వున్నాను మరి.

ఆ ఆట పేరు ‘మోటర్‌స్టార్మ్: అపోకలిప్స్’. రోడ్డు లేనిచోట, కొండల్లో బురదల్లో బళ్ళు తోలే పందేల ఆటల వరసలో అది మూడోది. చేతిలో పట్టుకుని ఆడే యంత్రాల కోసం చేసిన చిన్న ఆటలు వేరే వున్నాయి. వాటిని నేనిక్కడ లెక్కలోకి తీసుకోవటం లేదు. మొదటి రెండూ నాకు నచ్చాయి. మూడోది నిరాశ పరిచింది. ఆ నిరాశ ఎక్కణ్ణించి వచ్చిందో అమ్మ ప్రశ్న పట్టుకుని వెతకాలని చాలా ఏళ్ళుగా అనుకుంటూ యిప్పటికి రాస్తున్నాను.

స్త్రీల పత్రికలో వీడియో గేము గురించి వ్యాసమేమిటని కొందరికి అన్పించొచ్చు. సినిమాల గురించి, టీవీ సీరియళ్ళ గురించి మనం చాలా రాసుకున్నాం. మన పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, కథల పుస్తకాలకంటే ఎక్కువ గంటలు గడిపిన ఈ ఆటల వైపు మాత్రం పెద్దగా చూడలేదు. అనంతపురంలో నేను కాలేజీకి నడిచి వెళ్ళే దారిలో గంటకింత అని డబ్బులు తీసుకుని ఆటలాడనిచ్చే షాపు ఒకటి వుండేది. సాయంత్రమైతే లోపల జాగా వుండేది కాదు. అన్నేళ్ళలో అక్కడ ఒక్క ఆడపిల్లని కూడా నేను చూడలేదు. ఆడపిల్లలు రాకూడదని ఎవరూ బోర్డు పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు. నాకు ఈ ఆటలు పరిచయమైంది కూడా ఆ షాపువల్ల కాదు, మేనల్లుడి పుణ్యమా అని ఇంట్లోనే.

మొదటి ‘మోటర్‌స్టార్మ్’ని ఇంగ్లండులోని ఎవల్యూషన్ స్టూడియోస్ అనే సంస్థ చేసింది. సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 3 యంత్రం కోసం 2006 డిసెంబరులో జపాన్‌లో, 2007 మార్చిలో అమెరికా, యూరప్‌లలో విడుదలైంది. మనదేశంలో ఆ యంత్రం వచ్చిన కొత్తలో దాదాపు 40 వేల రూపాయలు. మా తమ్ముడు అప్పు చేసి మరీ కొన్నాడు. 2008 సంక్రాంతికి అందరూ మా యింటికి వచ్చినప్పుడు నేను మొదటిసారి ఈ ఆటని చూశాను.

తెర మీద ఎర్రమట్టి కన్పించగానే నాకు కళ్యాణదుర్గం దాటాక మా వూరికి పోయే దారి గుర్తొచ్చింది. ఆట జరిగే చోటు అమెరికాలోని మాన్యుమెంట్ వ్యాలీ. ఎరీజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులో వుంది. ఎర్రటి నేల, చెట్టూ పుట్టా లేని బయలు, మధ్యలో నిలువుగా లేచిన రాతి గుట్టలు. గుండ్రాళ్ళు పేర్చినట్టుండే మా కొండలకీ ఆ నిలువు గుట్టలకీ పోలిక లేదు గానీ ఎండ మాత్రం ఒకటే. ఒక పందెం దారి పేరు రెయిన్‌గాడ్ స్పైర్స్, అంటే వానదేవుడి శిఖరాలు. ఇంకొకదాని పేరు డస్ట్ డెవిల్. అది మా వేసవి మధ్యాహ్నాల సుడిగాలే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని మా నేలమీద కప్పల పెళ్ళిళ్ళు చేసి, విరాటపర్వం చదివించి వానదేవుణ్ణి పిలిచే మనుషుల మధ్య పుట్టినదాన్ని. ఎక్కడో అమెరికా ఎడారిలో వానదేవుడు కన్పిస్తే నాకు నవ్వొచ్చింది.

ఆ ఆటలో మోటారు సైకిళ్ళ దగ్గర్నుంచి పెద్ద లారీల దాకా ఏడు రకాల బళ్ళు ఒకే పందెంలో పోతాయి. అయితే అసలు గొప్పదనం బళ్ళలో లేదు, మట్టిలో వుంది. మొదటి చుట్టులో బురద సాఫుగా వుంటుంది. పెద్ద లారీ ఒకటి పోగానే గాడి పడుతుంది. దాని వెనక ఇంకొకటి పోతే ఆ గాడి లోతవుతుంది. మూడో చుట్టుకి వచ్చేసరికి మనం మొదట చూసిన నేల కాదది. మనమూ, మనతో పోటీపడ్డవాళ్ళూ కలిసి దున్నిపారేసిన నేల. బక్క మోటారు సైకిలు ఆ గాడిలో దిగబడిపోతుంది. దానికి ఎత్తుమీది ఇరుకు దారే మేలు. లారీకి బురద లెక్కలేదు. అంటే బలమున్నవాడు వేసిన గాడి బలం లేనివాడి దారిని ఎట్లా చెడగొడుతుందో ఆ ఆట ఒక్క మాట మాట్లాడకుండా చూపించింది.

అమ్మ కూడా అప్పుడు అక్కడే వుంది. మడ్‌పూల్ అనే పేరున్న బురద దారిని చూసి “యాంటి పదునురా అది! గొర్రు కట్టేస్తే సరిపోయె” అంది. అందరం నవ్వాం. వాన పడ్డాక విత్తనం వేసుకోవటానికి నేలలో వుండాల్సిన తడిని పదును అంటారు. అది దాటిపోకముందే గొర్రు కట్టాలి. గొర్రు తోలేది మగవాళ్ళయితే, వెనకాల వంగి నడుస్తూ విత్తనాలు వదిలేది ఆడవాళ్ళు. పదునుకోసం ఆకాశం వైపు చూసీ చూసీ ముసలిదైన ఆమె కంటికి పందెం కన్పించలేదు, నేల కన్పించింది. ఆ ఆటని తయారు చేసినవాళ్ళు కూడా నేలనే మనసు పెట్టి చూశారని నాకు ఆ క్షణంలో అన్పించింది.

అట్లాగని మొదటి ఆటలో లోపం లేదని కాదు. ఆ ఎడారిలో పందెగాళ్ళు తప్ప మనుషులుండరు. నిజమైన మాన్యుమెంట్ వ్యాలీ నవాహో ఆదివాసుల భూమి. తల్లివైపు నుంచి వంశాన్ని లెక్కపెట్టే సమాజం వాళ్ళది. గొర్రెల మంద మీద హక్కు చాలావరకు ఆడవాళ్ళదే. 1930లలో అమెరికా ప్రభుత్వం నేల కోసుకుపోతోందన్న కారణం చూపించి ఆ మందల్ని బలవంతంగా తగ్గించింది. లక్షల్లో గొర్రెలూ మేకలూ పోయాయి. వాటితోపాటు ఆ ఆడవాళ్ళ బతుకూ మాటా కూడా తగ్గిపోయాయి. ఇదంతా జరిగిన నేలని ఆట వట్టి ఖాళీ బయలుగా చూపించింది. గొర్రెల కాపరి ఒక్కరు కూడా ఎదురు పడని ఎడారి ఎక్కడా వుండదని మా జిల్లాలో ఎవర్నడిగినా చెప్తారు. ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు, తర్వాత చదివి తెలుసుకున్నాను. తెలిశాక ఆ ఆట మీద ఇష్టం పోలేదు గానీ దాన్ని చూసే చూపు మారింది.

రెండో ఆట ‘పసిఫిక్ రిఫ్ట్’ 2008లో వచ్చింది. ఎడారినుంచి పచ్చటి దీవికి మారింది. అడవి, అగ్నిపర్వతం, సముద్రపు ఒడ్డు, కొండకొనలు. పందెంలో వేగం పెంచే మీట నొక్కి పట్టుకుంటే ఇంజను వేడెక్కి చివరికి పేలిపోతుంది. ఈ రెండో ఆటలో నీళ్ళలోంచి పోతే ఇంజను చల్లబడుతుంది, లావా పక్కనుంచి పోతే తొందరగా వేడెక్కుతుంది. దాంతో ఏ దారిన పోవాలన్నది ఇంకో రకం ఆలోచన అయింది. మొదటి ఆటలో ఒక టీవీ ముందు ఒక్కరే ఆడాలి. రెండో ఆటలో తెరని పంచుకుని నలుగురు ఆడొచ్చు. ఇది చిన్న విషయంలా కన్పిస్తుంది. మా యింట్లో మాత్రం అప్పటిదాకా వెనక కుర్చీలో కూచుని పల్లీలు వొలుస్తూ చూసే అత్త, అంటే నేను, మొదటిసారి మీటలు చేతిలోకి తీసుకున్నాను. మొదటిరోజు ప్రతి మలుపులోనూ కొండమీంచి పడ్డాను. వారానికి వాణ్ణి ఒకసారి గెలిచాను. ఆ గెలుపు నాకిప్పటికీ గుర్తుంది.

నీళ్ళంటే ఇంజను చల్లార్చుకునేవి మాత్రమే అయిన లోకాన్ని చూస్తే టాంకరు కోసం బిందెలు వరసపెట్టే వూరి మనిషికి ఏమన్పిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. అయినా ఆ ఆట నిజాయితీగానే వుంది. మట్టి యింకా మట్టిలాగే వుంది. గాడి పడుతూనే వుంది.

ఇక మూడోది. కథ ఇది. అమెరికా పడమటి తీరంలో పేరు లేని ఒక నగరం భూకంపాలతో కూలిపోతోంది. జనం ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అట్లాంటి సమయం చూసుకుని పందెగాళ్ళు పెద్ద ఓడలో వచ్చి దిగుతారు, ఆ శిథిలాల్లో పందేలు పెట్టుకోవటానికి. నగరంలో మిగిలింది రెండు రకాల మనుషులు. ఒకటి, డస్క్‌లైట్ అనే ప్రైవేటు కంపెనీ పంపిన కిరాయి సైనికులు. రెండు, ఊరు వదలని జనం. ఆట వాళ్ళకి పెట్టిన పేరే క్రేజీస్.

ఆట బయటికి రావాల్సిన సమయంలోనే నిజం దానికి అడ్డం వచ్చింది. 2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్‌లో భూకంపం వచ్చి 185 మంది చనిపోయారు. మార్చి 11న జపాన్ తూర్పు తీరంలో భూకంపం, సునామీ వచ్చి వేలమంది పోయారు. జపాన్‌లో ఆట విడుదల ఆగిపోయింది. బ్రిటన్‌లో వాయిదా పడి ఆ నెలాఖరుకి వచ్చింది. అమెరికాలో మే నెల దాకా రాలేదు. అమ్మకాలు దెబ్బతిన్నది అందుకేనని, ఆట దురదృష్టం అదేనని అభిమానులు అంటుంటారు. నాకు ఆ మాట సగమే నిజమన్పిస్తుంది. ఒక్క భూకంపం నిజంగా వస్తే సిగ్గుపడి దాక్కోవాల్సి వచ్చిన ఆట, ఆ భూకంపం రాకముందు మాత్రం దేన్ని చూసి ధైర్యపడినట్టు?

ఆటకి చెందాల్సిన మెప్పు చెందాలి. చూడ్డానికి అది మామూలు పని కాదు. పరుగు తీస్తుండగా కాళ్ళకింద రోడ్డు లేచి నిలబడుతుంది. నిన్నమొన్న పోయిన వంతెన ఈసారి విరిగి వుంటుంది. ఒక మేడ పైకప్పు మీంచి ఇంకో మేడలోకి దూకి కిటికీ పగలగొట్టుకుని బయటికి వస్తాం. మా మేనల్లుడు మొదటి రెండ్రోజులు నోరు తెరుచుకుని ఆడాడు. నాలుగో రోజుకి వాడే అన్నాడు, “అత్తా, ఇది కూడా బాగానే వుంది గానీ మట్టి పోయింది” అని.

పన్నెండేళ్ళ వాడు సరిగ్గా పట్టుకున్నాడు. ఈ ఆటలో రోడ్డుమీద తిరిగే ఖరీదైన స్పోర్టు కార్లూ, వేగం బైకులూ వచ్చి చేరాయి. బురద వెనక్కి పోయి కాంక్రీటు ముందుకొచ్చింది. అంతకంటే ముఖ్యమైన తేడా ఒకటుంది. మొదటి ఆటలో దారి మారిందంటే దాన్ని మార్చింది మనమే. మన చక్రాలు, మన పక్కవాడి చక్రాలు. మూడో ఆటలో దారి మారిందంటే అది ముందే రాసి పెట్టుకున్న ప్రకారం, ఫలానా చుట్టులో ఫలానా మేడ కూలాలి గనక కూలుతుంది. మనం నెమ్మదిగా పోయినా, వేగంగా పోయినా, పోకపోయినా అది కూలుతుంది. మొదటి ఆటలో నేలకి జ్ఞాపకం వుంది. ఇందులో నేల వట్టి నాటకం పరదా.

దీన్ని నేను పందెపు ఆట సాంకేతిక విషయంగా మాత్రమే చూడలేకపోతున్నాను. కరువు గురించి మాకు బయటివాళ్ళు చెప్పే కథ కూడా సరిగ్గా ఇట్లాగే వుంటుంది. వాన రాలేదు, దేవుడు చల్లగా చూడలేదు, రాసిపెట్టి వుంది కాబట్టి జరిగింది. పత్రికల్లో బీటలు వారిన చెరువు ఫోటో, దానిమీద కూచున్న ముసలాయన, దూరంగా బిందెతో ఆడమనిషి. ఏటా అదే పరదా. ఆ నేలమీద పడ్డ గాడి ఎవరిదని అడిగేవాళ్ళు తక్కువ. కొర్రలు, సజ్జలు, జొన్నలు, ఆరికలు కలిపి పండించిన నేలని ఒక్క చెనక్కాయ పంటకి అప్పజెప్పి, ఒకప్పుడు ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా తీసుకుపోయింది వానదేవుడు కాదు. ఆ పంట దెబ్బ తిన్నప్పుడల్లా అప్పు చేసి బోరు వేయటం, అది ఎండితే పక్కనే ఇంకా లోతుగా ఇంకోటి వేయటం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి లోతైన గాళ్ళు. పెద్ద రైతు వేసిన లోతు బోరు పక్కింటి చిన్న బావిని ఎండబెడుతుంది. లారీ గాడిలో బక్క బైకు దిగబడినట్టే. మా సీమ కరువు కథలు, సింగమనేని నారాయణ లాంటివాళ్ళు రాసినవి, మాకు నేర్పిన చదువు ఇదే. కరువుకి చరిత్ర వుందని, అది ఆకాశం నుంచి మాత్రమే ఊడి పడదని.

ఇప్పుడు క్రేజీస్ దగ్గరికి వస్తాను. వాళ్ళు ఎందుకు ఊరు వదల్లేదో ఆట అడగదు. వాళ్ళు పందెపు దారిలో పరుగెత్తుతారు, కిరాయి సైనికులతో కొట్లాడతారు, బళ్ళకి అడ్డం పడతారు. గెలవాలంటే వాళ్ళని చూసి వేగం తగ్గించాల్సిన పనిలేదు. మొదటి ఆటలో నవాహోలు అసలే కన్పించరు. మూడో ఆటలో ఆ చోటి మనుషులు కన్పిస్తారు, కాని అడ్డంకులుగా కన్పిస్తారు. కన్పించకపోవటం కంటే ఇది ముందడుగు అని నేననుకోను.

ఊరు వదలని మనిషి ఎవరో నాకు తెలుసు. మా నాయన మేస్త్రీ పనికి బెంగుళూరు పోయినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. మా వూళ్ళో చెనక్కాయ ఎండిపోయిన ఏడాదల్లా మగవాళ్ళు బస్సెక్కేవాళ్ళు. కుటుంబాలు కుటుంబాలే పోయినవీ వున్నాయి. ముసలివాళ్ళూ పశువులూ వున్న ఇళ్ళలో మాత్రం ఎవరో ఒకరు వుండాలి. వుండేది ఆడమనిషే. మా అమ్మ మంచాన పడ్డ అత్తని చూసుకుంది, రెండు ఎద్దుల్నీ ఒక బర్రెనీ కాపాడింది, గడ్డికోసం పది మైళ్ళు పోయి మోపు నెత్తిన పెట్టుకొచ్చింది, బ్యాంకువాళ్ళు వస్తే ఆయన లేడని చెప్పింది, షావుకారి చేత మాటలు పడింది. మా నాయన తిరిగొచ్చినప్పుడు వూళ్ళో అందరూ ఆయన కష్టాన్ని గురించి మాట్లాడారు. పోయినవాడి కష్టానికి కథ వుంది. బస్సు, పట్నం, మోసం, తిరిగి రావటం, అన్నీ వున్నాయి. వుండిపోయినదాని కష్టానికి కథే లేదు, ఎందుకంటే ఆమె ఎక్కడికీ పోలేదు. మన కరువు సాహిత్యంలో కూడా వలస పోయిన మగవాడి వెంట నడిచినంత దూరం మనం వెనక వుండిపోయిన ఆడదాని పక్కన కూచోలేదేమోనని నా అనుమానం.

‘అపోకలిప్స్’కి కూడా కథలు మూడు వున్నాయి. మ్యాష్ అనే కొత్త కుర్రాడు, టైలర్ అనే ఆరితేరిన యువకుడు, బిగ్ డాగ్ అనే పాతకాపు. ముగ్గురూ మగవాళ్ళు. కుర్రాడు నిలదొక్కుకోవాలి, యువకుడు పైకి పోవాలి, పెద్దాయన పరువు నిలబెట్టుకోవాలి. మగతనానికి మూడు మెట్లు అన్నమాట. ఆ మెట్లెక్కటానికి ఒక నగరం కూలిపోవాల్సి వచ్చింది. ముగ్గురిలో ఒకర్ని ఆడమనిషిని చేస్తే సరిపోయేదా అని నన్ను నేనే అడిగి చూసుకున్నాను. సరిపోయేది కాదు. ఆమె కూడా అదే ఓడలో వచ్చి, అదే వేగంతో అదే జనం మధ్యనుంచి పోయి, అదే బహుమతి అందుకునేది. స్త్రీల సంఖ్య లెక్కపెట్టటం అవసరమే, నేను కాదనను. కాని కథ ఎవరు చెప్తున్నారన్నదానితోపాటు, ఎవరి వూళ్ళో నిలబడి చెప్తున్నారన్నది కూడా మనం అడగాలి. ఓడలో వచ్చినవాడికి అది శిథిలం. వుండిపోయినవాళ్ళకి అది ఇల్లు.

‘ఆటే కదా, ఇంత ఆలోచించాలా’ అంటారని తెలుసు. ఆట కాబట్టే ఆలోచించాలి. సినిమాలో మనం చూస్తాం, ఆటలో మనమే చేస్తాం. మీట నొక్కేది మన వేలు. మొదటి ‘మోటర్‌స్టార్మ్’ నా వేలికి నేర్పిన పాఠం, నువ్వు పోయిన దారి నీ వెనకవాళ్ళకి మిగులుతుందని. మూడోది నేర్పింది, నీ చుట్టూ కూలుతున్నదానితో నీకేం సంబంధం లేదని, నువ్వు ముందుకి పో అని. మొదటి పాఠం చెప్పినవాళ్ళే అయిదేళ్ళలో రెండోది చెప్పటమే నా నిరాశ. వాళ్ళకి చేతగాక అట్లా చెయ్యలేదు. మట్టి అమ్ముడు పోవటానికి కష్టపడాలి, కూలిపోయే మేడలు వాటంతట అవే అమ్ముడుపోతాయి అనుకుని వుంటారు.

ఆ తర్వాత ఈ వరసలో ఇంత పెద్ద ఆట మళ్ళీ రాలేదు. 2016 మార్చిలో సోనీ ఎవల్యూషన్ స్టూడియోస్‌ని మూసేసింది. అక్కడివాళ్ళలో చాలామంది కోడ్‌మాస్టర్స్ అనే ఇంకో బ్రిటిష్ కంపెనీలో చేరి 2020 నవంబరులో ‘డర్ట్ 5’ అనే ఆట చేశారు. అది ర్యాలీ పందేలతో పేరు తెచ్చుకున్న పాత వరసకి కొనసాగింపు. ఆ వరసని ప్రేమించినవాళ్ళలో చాలామంది దాన్ని చూసి కూడా నిరాశపడ్డారు. మొరాకో, నేపాల్, బ్రెజిల్, దక్షిణాఫ్రికా అని దేశాలు తిరుగుతుంది గానీ, ఏ దేశం మట్టి అయినా రంగు మారిన ఒకే మట్టిలాగా వుంటుంది. నేల మీద శ్రద్ధ ఒకసారి పోతే తిరిగి రావటం కష్టం కాబోలు.

ఈ మధ్యలో మా నేలకి కూడా బళ్ళు వచ్చాయి. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పటికది అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడ తయారైన మొదటి కారు సెల్టోస్. గుట్టలెక్కే జీపులా కన్పిస్తూ పట్నం రోడ్లమీద తిరిగే రకం. అట్లాంటి బళ్ళ ప్రకటనల్లో అవి ఎర్రమట్టి లేపుకుంటూ మనుషుల్లేని బయళ్ళలో దూసుకుపోతుంటాయి. టీవీలో అవి వచ్చినప్పుడల్లా ఆ బయలుకి గొర్రెల కాపరులెక్కడికి పోయారా అని చూస్తుంటాను. అలవాటైపోయింది.

అమ్మ ఆ దసరా తర్వాత నల్ల కళ్ళద్దాలతోనే ఊరికి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ పిచ్చా అనలేదు. అనకుండా వుండటానికి మాత్రం కష్టపడాల్సి వచ్చింది. ఊళ్ళో వుండిపోవటం గొప్ప త్యాగమని, నేలతల్లిమీద ప్రేమని ఇప్పుడు నేను రాస్తే అమ్మ నవ్వుతుంది. ఆమెకి అక్కడ ఇల్లు వుంది, నాలుగెకరాలుంది, పిలిస్తే పలికే నలుగురు ఆడవాళ్ళున్నారు. పట్నంలో మా యింట్లో ఆమెకి వున్నది ఒక గోడ, ఒక టీవీ.

కిందటి ఏడాది మేనల్లుడూ నేనూ కలిసి ఊరికి వెళ్ళాం. వాడిప్పుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మ మమ్మల్ని చేను గట్టుమీదికి తీసుకుపోయింది. ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికీ మొదలైంది మా జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. ఆ తర్వాత మా వూరి ఆడవాళ్ళు ఆ పనిలో భాగంగా వాలుకి అడ్డంగా కందకాలు తవ్వారు. అమ్మ కూడా తవ్వింది. కందకాలు చాలావరకు పూడిపోయాయి గానీ వాటి గీత మాత్రం కన్పిస్తోంది. ముందురోజు వాన పడినట్టుంది. ఆ గీత వెంబడి మట్టి యింకా తడిగా, ముదురు రంగులో వుంది. పక్కన నేలంతా ఆరిపోయింది.

“చూశావా అత్తా, గాడి” అన్నాడు వాడు. వాడికి ఆ పాత ఆట గుర్తొచ్చిందని నాకర్థమైంది.

తిరిగొచ్చేటప్పుడు అమ్మని ఈసారి వేరేగా అడిగాను. మాతో రమ్మని కాకుండా, “నీకిక్కడ ఏం కావాల?” అని. ఆమె పెద్దగా ఆలోచించలేదు. “బస్సు రెండు పూటలా వస్తే సాలు మే” అంది.